కుడివైపు కంచె

సరుకు పోదని తేలినప్పుడు మిసెస్ స్ట్రౌడ్ గొంతు తగ్గిస్తుంది. మంగళవారం పొద్దున టిక్కెట్ల కిటికీ వెనకాల గదిలో ఆవిడ గొంతు తగ్గించేసరికి క్లీట్ హోబన్‌కి సంగతి సగం అర్థమైపోయింది.

"కూర్చో హోబన్. కాఫీ తాగుతావా?"

"మీరు కాఫీ ఇస్తున్నారంటే నా పని అయిపోయిందన్నమాట."

ఆవిడ నవ్వలేదు. ఆల్డర్ మెసా మ్యూల్స్ బేస్‌బాల్ జట్టుకి ఆవిడే యజమాని, హోబన్ అందులో బంతులు వేసే పిచర్. జూలైలో మేనేజర్ని పంపించేశాక, ఇంకొకణ్ణి పెట్టుకోవడం దండగని మేనేజర్ పని కూడా తనే చేస్తోంది.

"నీ సగటు ఆరు పాయింట్ నాలుగు. తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఆరు పరుగుల పైన ఇచ్చే పిచర్ని నేనెవరికి అమ్మను? తీరం నుంచి ఫెన్‌విక్ అనే కుర్రాడు వచ్చాడు. వాడి సగటు మూడు లోపు. జట్టులో చోటు లేదు, శనివారానికి ఒకళ్ళు దిగాలి. శుక్రవారం నీ వంతు. వేసి వెళ్ళు."

"బయట ఊళ్ళలో నా సగటెంతో చూశారా?"

"మూడున్నర."

"ఇక్కడ?"

"తొమ్మిది దాటింది. అన్నీ చూశాను హోబన్, నాకు లెక్కలు రావనుకోకు."

"మరి తేడా ఎక్కడుందో మీకు తెలుసు. జూన్‌లో దూడల సంతకి చోటు కావాలని కుడివైపు కంచె ముప్పై అడుగులు ముందుకి జరిపారు. సంత అయిపోయింది, దూడలు పోయాయి. కంచె అక్కడే ఉంది."

"కంచె దగ్గరైతే బంతి దాటుతుంది, హోమ్ రన్‌లు పెరిగాయి. జనం పెరిగారు. ఎందుకు జరుపుతాను?"

"జరపొద్దు. కానీ తడిసిన గడ్డి ఇచ్చి, ఇది ఇంత బరువెందుకుందని మోసేవాణ్ణి తిట్టొద్దు."

హోబన్ చలికాలం నాలుగు నెలలూ గడ్డిమోపులు కొని అమ్ముతాడు. అతని మాటలన్నీ అక్కణ్ణించే వస్తాయని ఆవిడకి తెలుసు.

"అవతలి జట్టు పిచర్లకీ ఇదే కంచె కదా?"

"వాళ్ళు మూడు రోజులుండి బస్సెక్కి పోతారమ్మగారూ. కాపురం నాది."

ఆవిడ పంకా అతనివైపు తిప్పింది. ఆ గదిలో అదే ఆఖరి మర్యాద. "బయట నువ్వు ఎలా వేస్తావో కొనేవాడు చూడడు. మొత్తం అంకె చూస్తాడు. నేను చేసిన పద్ధతి కాదు ఇది."

"మీరు జరిపిన కంచే కదా," అని హోబన్ లేచాడు. కాఫీ ముట్టుకోలేదు.

బుధవారం మధ్యాహ్నం ఫెన్‌విక్ మొదటిసారి ఇక్కడి బంతులు వేసే దిబ్బ ఎక్కాడు. పొడుగ్గా, శుభ్రంగా ఉన్నాడు. పిచర్లు కూర్చునే బల్లమీంచి హోబన్ పొద్దుతిరుగుడు గింజలు నములుతూ చూస్తున్నాడు. వాడి చెయ్యి మంచిది, ఆ మాట ఒప్పుకోవాలి. మణికట్టు మెలిపెట్టి వదిలే బంతి వాడి అసలు సరుకు. సముద్రం పక్కన బరువుగాలిలో అది బ్యాటర్ మోకాళ్ళ దగ్గర విరిగి పడేదట. ఈ కొండమీద గాలి పల్చన. బంతికి పట్టుకోవడానికేమీ దొరకదు. తిరగాల్సింది తిరగదు, లేచింది ఆగదు. వాడి బంతి నడుం ఎత్తున వచ్చి అక్కడే నిలబడినట్టుంది. మొదటి హోమ్ రన్ కుడివైపు కంచెకి అవతల, సంత వదిలిపోయిన ఎత్తుగడ్డిలో పడింది. రెండోదీ అక్కడే. మూడోది బ్యాటు చివర తగిలి వంకరగా లేచింది. అదీ దాటింది. జనం కేకలు. ఎవరు కొట్టినా సరే హోమ్ రన్‌కి ఒకటి చొప్పున పచ్చిమిరప హాంబర్గర్లు సగం ధరకిస్తుంది మిసెస్ స్ట్రౌడ్. తమ జట్టు ఓడుతున్నా కడుపు నిండుతుంది కాబట్టి వాళ్ళకి బాధ లేదు.

మూడో ఇన్నింగ్స్‌లోనే ఆవిడ వాణ్ణి దింపేసింది.

హోబన్ బట్టలు మార్చుకునే గదిలోకెళ్ళేసరికి ఫెన్‌విక్ అక్కడి బల్లమీద కూర్చుని తన కుడిచేతి వేళ్ళకేసి చూసుకుంటున్నాడు.

"వేళ్ళు బానే ఉన్నాయిలే," అన్నాడు హోబన్.

"బంతి తిరగట్లేదన్నా. అక్కడ తిరిగేది. ఒట్టు."

"మీ మైదానం ఎంతుంటుందేమిటి?"

"కుడివైపా? కంచె కనపడదు. మధ్యాహ్నం నించి పొగమంచు. ఎంత కొట్టినా మధ్యలోనే చచ్చి పడుతుంది."

"అయితే నీ మూడులో పొగమంచు వాటా ఎంత?"

కుర్రాడికి కోపం వచ్చింది. తల ఎత్తాడు. "మీ ఆరులో కంచె వాటా ఎంతో, అంత."

హోబన్ పెద్దగా నవ్వాడు. ఈ వారంలో అతను నవ్వడం అదే మొదలు. చోటు లాక్కోవడానికి వచ్చినవాణ్ణి అసహ్యించుకుందామని లోపలికొచ్చాడు. వాడు లెక్క తెలిసినవాడిలా ఉన్నాడు, ఇక అసహ్యం ఎక్కడ పుడుతుంది?

బంతి ఒకటి తీసి, కుట్లు దాటకుండా కుట్ల వెంటే రెండు వేళ్ళూ ఆనించి చూపించాడు. "ఇక్కడ తిప్పకు. కిందికి దింపు. నేలమీద కొట్టిస్తే ఏ గాలీ దాన్ని మొయ్యలేదు. వాళ్ళని అవుట్ చెయ్యాలని ఆరాటపడకు. దొర్లించనీ, మనవాళ్ళు ఏరుకుంటారు."

"మీరు ఇదే వేస్తారా?"

"నేను వేసే నాలుగింట్లో మూడు ఇవే. నాలుగోది చెయ్యి జారుతుంది. ఇదివరకు అది క్యాచ్. జూన్ నించి అది హాంబర్గర్."

గురువారం ఆట లేదు. హోబన్ తన గడ్డికోత యంత్రాన్ని బండికి తగిలించి తెచ్చి, కంచె వెనకాల ముప్పై అడుగుల మేరా మోకాలెత్తు పెరిగిన గడ్డంతా కోశాడు. ఎండిన పేడ పారతో ఎత్తి పోశాడు. పాత గుంజలు నిలబెట్టే సిమెంటు గుంతలు మట్టితో పూడిపోయి ఉంటే ఒక్కొక్కదాన్నీ తవ్వి, అడుగున చెయ్యి పెట్టి రాళ్ళు తీశాడు. మిసెస్ స్ట్రౌడ్ కిటికీలోంచి చూసింది. ఊరికే జరిగిపోతున్న పనికి అడ్డు చెప్పడం ఆవిడకి అలవాటు లేదు.

శుక్రవారం పొద్దున ఆవిడ పట్నం వెళ్ళింది. పై లీగ్ జట్టు తరఫున ఆటగాళ్ళని చూసి ఎంచే మనిషి ఒకడు మ్యూల్స్ బ్యాటరు జుబియా కోసం వస్తున్నాడు, అతన్ని స్టేషన్ నించి తీసుకురావాలి. ఆవిడ కారు మలుపు తిరగగానే హోబన్ పానా పట్టుకుని కుడివైపుకి నడిచాడు.

కంచె అంటే వేరేమీ లేదు. పశువుల దొడ్లకి వాడే ఇనప తడికెలు, ఒకదానికొకటి బోల్టులతో బిగించి, గుంజలకి కట్టినవి. నట్టుకి నూనె పోసి, పానా తగిలించి, ఒంటి బరువంతా దానిమీద వేస్తేగానీ కదల్లేదు. మొదటి తడికె విడిపించి ఎత్తబోతే ఒక కొస లేచింది, రెండో కొస నేలలో గుచ్చుకుంది. అది ఇద్దరి పని.

"ఆ చివర నేను పడతాను," అన్నాడు ఫెన్‌విక్ వెనకనించి.

"పోరా. నీకెందుకు? నేను పోతేనే నీకు చోటు."

"ఆ చోట్లో నిలబడాల్సింది నేను కదన్నా. నా సగటు కూడా తొమ్మిది అయ్యాక ఇంకో కుర్రాడొస్తాడు."

ఇద్దరూ మోశారు. సగం కంచె పాత గుంతల్లోకి చేరాక ఎఫ్రెయిన్ జుబియా వచ్చాడు. భుజంమీద బ్యాటు, చేతిలో గుడ్డూ బంగాళాదుంపా చుట్టిన రొట్టె. ఎడమచేతి బ్యాటరు, లీగ్‌లో అందరికంటే ఎక్కువ హోమ్ రన్‌లు కొట్టినవాడు. అయిదేళ్ళుగా హోబన్‌తో ఒకే గదిలో ఉంటున్నవాడు. కంచెని చూశాడు, రొట్టె నమలడం ఆపాడు.

"ఏంట్రా ఇది?"

"ఉన్నచోటికి పంపిస్తున్నాను."

"ఇవాళా? నాకోసం మనిషొచ్చే రోజే దొరికిందా నీకు?"

"నా ఆఖరి ఆట కూడా ఇవాళేరా."

"నా నోట్లో మట్టి కొడతావా హోబన్? నీ చోటు పోతోందని నా చోటు కూడా తవ్వేస్తావా?"

హోబన్ తడికె కిందికి దింపాడు. ఈ మాట వస్తుందని తెలుసు. నిన్న గడ్డి కోస్తున్నంతసేపూ దీనికి జవాబే వెతికాడు.

"ఈ ఏడు బయట ఊళ్ళలో ఎన్ని కొట్టావు?"

జుబియా భుజంమీంచి బ్యాటు దింపాడు.

"పై లీగ్‌కి పోతే ఈ తడికెలు నీ వెంట మోసుకుపోతావా? నెల తిరిగేలోగా వెనక్కి పంపిస్తారు."

"అక్కడికి చేరాక నా తిప్పలు నేను పడతాను. ముందు గుమ్మం దాటనివ్వరా నన్ను!"

అందులో న్యాయం లేదని హోబన్ అనలేకపోయాడు. అయినా వంగి తడికె అంచు పట్టుకున్నాడు. "నీ హోమ్ రన్‌లలో ఎన్ని నీవో నాకు తెలీదు, నీకూ తెలీదు. నా పరుగుల్లో ఎన్ని నావో నాకు తెలియాలి. ఒక్క ఆటలోనైనా. కావాలంటే నన్ను కొట్టి ఆపు."

జుబియా బ్యాటు మీద ఆనుకుని నిలబడ్డాడు. కొట్టలేదు, సాయం పట్టలేదు. ఆఖరి బోల్టు బిగించేదాకా చూసి, రొట్టె మిగతా ముక్క గడ్డిలోకి విసిరి వెళ్ళిపోయాడు.

మిసెస్ స్ట్రౌడ్ తిరిగొచ్చేసరికి గేట్లు తెరిచారు, జనం సగం పైగా కూర్చున్నారు. ఆవిడ కుడివైపు చూసి, వచ్చిన మనిషిని నీడలో కూర్చోబెట్టి, నేరుగా దిబ్బ దగ్గరికి వచ్చింది.

"పెట్టెయ్ వెనక్కి."

"వెనక్కే పెట్టానమ్మగారూ."

"పరాచికాలాడకు. ఇప్పుడే ముందుకి తీసుకురా."

"నేను తీసుకురాను. మీకు మనుషులుంటే తెప్పించుకోండి."

ఆవిడ చుట్టూ చూసింది. హాంబర్గర్లు కాల్చేవాళ్ళు పొయ్యిల దగ్గరున్నారు. పిచర్లంతా బల్లమీద కూర్చుని బూట్ల తాళ్ళు సరిచేసుకుంటున్నారు. అప్పటికే సరిగా ఉన్న తాళ్ళు. ఫెన్‌విక్ ఒక్కడే తల ఎత్తి సూటిగా ఆవిడకేసి చూశాడు. తడికెలన్నీ మోయాలంటే ఆట గంటన్నర ఆలస్యం. అంత ఆలస్యమైతే సగం మంది టిక్కెట్ డబ్బు వెనక్కి అడుగుతారు.

బ్యాటరు నిలబడే ప్లేట్ దగ్గర అంపైర్ ఎదురుచూస్తున్నాడు. పక్కన అవతలి జట్టు మేనేజర్ డాబ్నీ, పొట్టమీద చేతులు కట్టుకున్న ముసలాయన. ఆటకి ముందు ఇద్దరు మేనేజర్లూ అంపైరూ అక్కడ నిలబడి, ఏ హద్దు దాటితే ఏమిటో ఒప్పుకోవాలి. అక్కడ అన్న మాట ఇక మారదు. ఈ లీగ్‌లో అంతకంటే గట్టి కాగితం లేదు.

"కంచె ఎక్కడుంటే అదే హద్దా?" అన్నాడు అంపైర్.

"అదే హద్దు," అంది ఆవిడ పళ్ళ బిగువున. ఆ తర్వాత, హోబన్‌కి వినపడాలని గొంతు పెంచింది. "ఇంకోటి కూడా రాసుకో. ఆ దిబ్బమీద ఉన్నవాడు ఇవాళ ఆఖరి అవుట్ అయ్యాక నా మనిషి కాడు. మళ్ళీ నా గేటు తొక్కనివ్వను."

"విన్నాను," అన్నాడు అంపైర్. డాబ్నీ కూడా తల ఊపాడు.

హోబన్ వేశాడు. కుట్ల వెంట వేళ్ళు ఆనించి, కిందికి, ఇంకా కిందికి. నేలమీద దొర్లిన బంతుల్ని మనవాళ్ళు ఏరి విసిరారు. రెండో ఇన్నింగ్స్‌లో అతని తప్పు వల్లే రెండు పరుగులు పోయాయి. మొదట నలుగురిలో ఇద్దరికి గురి తప్పి వేసి, వాళ్ళని ఊరికే మొదటి బేస్‌కి, అంటే పరుగు దారిలో మొదటి మజిలీకి, నడిపించాడు, తర్వాత ఒక బంతి మధ్యలో పెట్టి కొట్టించుకున్నాడు. బంతి కంచె దాకా దొర్లింది. అందులో కంచె పాపం ఏమీ లేదు. "ఇవి రెండూ నావి," అనుకున్నాడు. అలా అనుకోవడం ఎంత తేలిగ్గా ఉందో చూసి అతనికే ఆశ్చర్యం వేసింది.

ఆరో ఇన్నింగ్స్‌లో, మ్యూల్స్ ఒక్క పరుగు మీదున్నప్పుడు, ఒక మనిషి బేస్ మీద ఉండగా జుబియా కొట్టాడు. బ్యాటు చప్పుడుకే జనం లేచారు. బంతి కుడివైపుకి లేచి, నిన్నటి కంచె ఉన్నచోటు దాటి, కోసిన గడ్డిమీదికి దిగింది. అవతలి ఫీల్డర్ తడికెకి రెండడుగుల ముందు నిలబడి పట్టుకున్నాడు. జుబియా సగం దారిలో ఆగి, టోపీ నేలకి కొట్టాడు. నీడలో కూర్చున్న మనిషి గడియారం చూసుకున్నాడు. కొండదారి, చీకటి పడకముందే దిగాలి. ఏడో ఇన్నింగ్స్ మధ్యలో లేచి వెళ్ళిపోయాడు.

ఎనిమిదిలో హోబన్ చెయ్యి జారింది. ఇద్దరు మనుషులు బేస్‌ల మీదున్నారు. ఎడమచేతి బ్యాటరు దాన్ని జుబియా కొట్టిన చోటికే కొట్టాడు. హోబన్ తిరిగి చూశాడు. కుడివైపు కాపలా జుబియాదే. వీపు ఇటు పెట్టి, తల వెనక్కి వాల్చి పరిగెత్తుతున్నాడు. కంచె ముందుకి ఉన్నన్నాళ్ళూ వాడికి పరిగెత్తే చోటే లేదు. రెండడుగులేసి, నెత్తిమీంచి పోయే బంతిని చూస్తూ నిలబడేవాడు. ఇప్పుడు తడికెకి భుజం గుద్దుకునేదాకా పరిగెత్తి, చెయ్యి చాపి పట్టాడు. తిరిగి రెండో బేస్‌కి విసిరిన విసురుకి, తొందరపడి ముందుకురికినవాడు కూడా అవుటయ్యాడు. జనం లేచి నిలబడ్డారు. హాంబర్గర్ లేదు, ఏమీ లేదు. అయినా చాలాసేపు కూర్చోలేదు.

మ్యూల్స్ ఒకటి, అవతలివాళ్ళు రెండు. ఓడిపోయారు.

"జుబియా బంతి దాటుంటే నాకు రెండొచ్చేవి," అంది మిసెస్ స్ట్రౌడ్ దిబ్బ దగ్గరికొచ్చి. "ఒక్కదానితో ఓడాను."

"ఎనిమిదిలో వాళ్ళది కూడా దాటించండి మరి. మూడు. ఇప్పుడు చెప్పండి."

లెక్క ఆవిడకి ముందే వచ్చు. "అయినా నీ సగటు ఆరుకే దిగింది. ఒక్కరోజుతో ఏం దిగుతుంది?"

డాబ్నీ పొట్ట సవరించుకుంటూ వచ్చాడు. "స్ట్రౌడ్ గారూ, ఈ గడ్డివ్యాపారిని ఎంతకిస్తారు?"

ఆవిడ కళ్ళలో ఒక వెలుగు వచ్చింది. మంగళవారం నించీ పోదనుకున్న సరుక్కి బేరగాడు నిలబడ్డాడు. "ఆలోచించాలి. తొందరేముంది?"

మొహానికున్న ముసుగు విప్పుతూ అంపైర్ అన్నాడు, "మీకు బేరం లేదమ్మా. ఆఖరి అవుట్ అయ్యాక మీ మనిషి కాడని ప్లేట్ దగ్గర మీరే అన్నారు. ఇద్దరం విన్నాం."

డాబ్నీ అప్పటికే నవ్వు ఆపుకోలేకపోతున్నాడు. "అడగడం మర్యాదని అడిగాన్లే. ఏమోయ్ హోబన్, మాతో బస్సెక్కు. మా మైదానం చెరువంత. నువ్వు కళ్ళు మూసుకుని వేసినా నీ సగటు మూడు దాటదు. వచ్చే నెల మళ్ళీ ఇక్కడికే తెచ్చి, ఈవిడ మీదే వేయిస్తాను."

మిసెస్ స్ట్రౌడ్ పెదవులు కదిలాయి. బుధవారంనాటి ఫెన్‌విక్, వచ్చే నెల, పై వారం వచ్చే జనం, అన్నీ ఒకేసారి కూడుతోందని హోబన్‌కి తెలిసిపోయింది.

"నీకేం కావాలి?" అంది చివరికి.

"కంచె."

"హోమ్ రన్‌ల కోసం వస్తారు జనం."

"ఇవాళ జుబియా పట్టినప్పుడు ఎంతసేపు నిలబడ్డారో మీరూ చూశారు. దానికి మీరేం సగం ధరకివ్వలేదు."

"డాబ్నీ దగ్గర నీ అంకె దానంతటదే తగ్గుతుంది. పిచ్చివాడివా?"

"అక్కడ తగ్గేది నాది కాదమ్మగారూ. ఇక్కడ పెరిగింది ఎంత నాది కాదో, అదీ అంతే. సీజన్ అయ్యేదాకా కంచె ఇక్కడే ఉంటుందని రేపు ప్లేట్ దగ్గర అనండి, నేనుంటాను. ఫెన్‌విక్ కూడా ఉంటాడు. ఎవరు దిగాలో మీరే చూసుకోండి. అనకపోతే బస్సెక్కుతాను."

డాబ్నీ బస్సు హారన్ మోగింది. ఆవిడ కుడివైపు చాలాసేపు చూసింది.

"అంటాను," అంది. "నీ సగటు దిగకపోతే మాత్రం ఆ తడికెలన్నీ నీచేత మోయిస్తాను."

"ఒక చివర మీరు పట్టాలి. ఇద్దరి పని అది."

ఆవిడ విసురుగా తిరిగి నడిచింది. కానీ కాదనలేదు.

ఆ సాయంత్రం జుబియా గదిలో గోడవైపు తిరిగి పడుకున్నాడు. "నువ్వు పట్టింది ఆ వచ్చిన మనిషి చూడలేదురా," అన్నాడు హోబన్. క్షమించమని అడగాలనిపించలేదు హోబన్‌కి. చేసింది తప్పని అతను అనుకోవడం లేదు. తనవల్ల వీడికి నష్టం రాలేదనీ అనుకోవడం లేదు.

శనివారం పొద్దున హోబన్ మైదానానికి వచ్చేసరికి జుబియా అప్పటికే ప్లేట్ దగ్గర ఉన్నాడు. పక్కన బుట్టెడు బంతులు. బ్యాటుతో దిబ్బవైపు చూపించాడు, అంతే.

హోబన్ బుట్ట మోసుకుని దిబ్బ ఎక్కాడు. సాధనకి అందరూ వేసేటట్టు మెత్తగా ఒకటి వేశాడు. జుబియా బ్యాటు కదపలేదు.

"ముష్టి వేస్తున్నావా? ఆటలో వేసేట్టు వెయ్."

హోబన్ వేశాడు. దిగిన బంతి జుబియా బ్యాటు కింది అంచుకి తగిలి కాళ్ళ దగ్గర దొర్లింది. ఇంకోటి, అదీ దొర్లింది. తర్వాత కొన్ని లేచి, కోసిన గడ్డిమీద పడి ఆగిపోయాయి. జుబియా చొక్కా తడిసిపోయింది. తిట్టుకుంటున్నాడు, హోబన్‌నో, బంతినో, పల్చటి గాలినో. హోబన్ చేతిని కావాలని జారనివ్వలేదు. అది చేస్తే వీడికి తెలిసిపోతుంది.

బుట్ట అడుగుకి వచ్చాక ఒకటి వేశాడు. కిందికే వేశాడు, మంచి బంతి. జుబియా మోకాలు వంచి దాని కిందికి దిగి లేపాడు. అది కుడివైపుకి పోయి, తడికెల మీంచి పోయి, వాటి వెనకాల రోడ్డు దాటి, ఆగివున్న, గుర్రాల్ని తరలించే ఇనప బండి పైకప్పు మీద టంగుమని పడింది.

హోబన్ ఇంకా అటే చూస్తున్నాడు.

జుబియా ముఖంమీద చెమట భుజానికి తుడుచుకుని, మళ్ళీ బ్యాటు ఎత్తాడు.

"ఏం చూస్తున్నావ్? ఇంకోటి వెయ్."